1:100 అని రాస్తే చాలదు, కాగితం మీద 109.7 మిల్లీమీటర్లు రావాలి

ప్రశ్న: తిరుపతిలో ఒక సివిల్ ఇంజినీరు గారి ఆఫీసులో మూడు నెలలుగా డ్రాఫ్టింగ్ నేర్చుకుంటున్నాను. 36×60 అడుగుల స్థలంలో ఇంటి ప్లాను ఆటోక్యాడ్ అనే డ్రాయింగు సాఫ్ట్‌వేర్‌లో అడుగులు, అంగుళాల్లో గీశాను. ఏ2 షీటు మీద 1:100లో ప్రింటు ఇమ్మన్నారు. లేఅవుట్‌లో (ప్రింటు షీటు అమర్చుకునే చోట) వ్యూపోర్టుకు (ఆ షీటు మీద డ్రాయింగు కనిపించే కిటికీకి) 1:100 పెడితే ప్లానంతా చిటికెన వేలి గోరంత అయిపోయింది. అందుకని మౌసు చక్రం తిప్పి షీటుకు సరిపోయేలా పెద్దది చేసి, టైటిల్ బ్లాకులో (షీటు వివరాలు రాసే గడిలో) 1:100 అని రాసి ప్రింటు తీశాను. సార్ స్కేలుబద్ద పెట్టి చూస్తే 36 అడుగుల వైపు 12.5 మీటర్లు, అంటే 41 అడుగులు చూపించింది. తప్పెక్కడ జరిగిందో, సరైన పద్ధతేమిటో చెప్పగలరు.

జవాబు:

తమ్ముడూ, ముందు నీ చేతిలో ఉన్న ప్రింటు సంగతి చూద్దాం. 1:100 బద్ద మీద 12.5 మీటర్లు చూపిందంటే ఆ గీత కాగితం మీద 125 మిల్లీమీటర్లు ఉందన్నమాట. 36 అడుగులంటే 10,972.8 మిల్లీమీటర్లు. దాన్ని 125తో భాగిస్తే 88కి కాస్త తక్కువ వస్తుంది. అంటే నీ ప్రింటు 1:88. మౌసు చక్రం నువ్వెక్కడ ఆపావో అక్కడ పుట్టిన స్కేలు అది. దాన్ని కొలిచే బద్ద ఏ దుకాణంలోనూ దొరకదు. నిజమైన 1:100లో ఆ వైపు 109.7 మిల్లీమీటర్లు రావాలి. ఈ 109.7ని ఒక చీటీ మీద రాసి మానిటరు అంచున అంటించుకో. ఈ పని పూర్తయ్యేదాకా నీ సాక్షి అదే.

ఇక గోరంత సంగతి. అసలు తప్పు అక్కడుంది. మౌసు తిప్పడంతో అది కనపడకుండా పోయింది, అంతే. ఆటోక్యాడ్‌కి యూనిట్ అంటే వట్టి అంకె. ఆర్కిటెక్చరల్ యూనిట్లలో ఒక యూనిట్ ఒక అంగుళం కాబట్టి, నువ్వు 36 అడుగులని టైపు చేస్తే లోపల 432 అని దాచుకుంటుంది. లేఅవుట్‌లో నీ ఏ2 కాగితమేమో మిల్లీమీటర్లలో ఉంది. వ్యూపోర్టు జాబితాలో కనిపించే 1:100కి అర్థం ‘కాగితం మీద ఒక యూనిట్‌కి డ్రాయింగులో 100 యూనిట్లు’ అని మాత్రమే. ఆ యూనిట్ ఇక్కడ మిల్లీమీటరా, అక్కడ అంగుళమా అని అది అడగదు. 432ని 100తో భాగించి 4.32 మిల్లీమీటర్లు వేసింది. 60 అడుగుల వైపు 7.2 మిల్లీమీటర్లయింది. గోరంత అని నువ్వన్నది కొలత తీసినట్టే ఉంది. ఆ 4.32ని 25.4తో గుణించి చూడు, చీటీ మీది 109.7 వచ్చేస్తుంది.

ఈ 25.4ని బాగా గుర్తుపెట్టుకో. ప్రింటు పాతిక రెట్లు చిన్నదిగానో పెద్దదిగానో వస్తే అది అంగుళానికీ మిల్లీమీటరుకూ మధ్య తగాదా. వెయ్యి రెట్లు తేడా వస్తే మీటరుకూ మిల్లీమీటరుకూ. పన్నెండు రెట్లయితే అడుగుకూ అంగుళానికీ. ఎన్ని రెట్లు తేడా వచ్చిందో చూస్తే తప్పు ఎక్కడ జరిగిందో తెలిసిపోతుంది.

నేను పని నేర్చుకున్నది చిత్తూరులో, ట్రేసింగ్ కాగితం మీద. అప్పట్లో స్కేలు నిర్ణయించుకున్నాకే మొదటి గీత గీసేవాళ్లం. సగం గీశాక ఎలివేషన్ కాగితం దాటిపోతుందని తెలిస్తే షీటు మొత్తం మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే. అమ్మోనియా ప్రింటు తీసే గదిలో కళ్లు మండుతుండగా నిలబడి, షీటు చుట్ట విప్పి బద్ద ఆనించి చూసుకునేవాళ్లం. కంప్యూటరు వచ్చాక వరస తిరగబడింది. మోడల్‌లో, అంటే మనం గీసే చోట, ఇల్లు ఇంటంత కొలతలోనే ఉంటుంది. 9 అంగుళాల గోడ 9 అంగుళాలే, 36 అడుగులు 36 అడుగులే. స్కేలు అనే మాట కాగితం దగ్గరికి వచ్చాకే పుడుతుంది. ఇప్పటికీ కొందరు మోడల్‌లోనే డ్రాయింగును వందో వంతుకు కుదించి, డైమెన్షన్లు (కొలతల అంకెలు) చేత్తో దిద్దుతారు. అలాంటి ఫైలు నీ చేతికొస్తే ముందు దాన్ని అసలు కొలతకు తెచ్చుకుని గానీ పని మొదలుపెట్టకు. ఒకచోట గోడ జరిపి దాని అంకె దిద్దడం మర్చిపోయినా ఆ డ్రాయింగు అబద్ధం చెబుతుంది.

అందుకే ఏ డ్రాయింగు తెరిచినా మొదటి పని, దాని యూనిట్ ఏమిటో కనుక్కోవడం. యూనిట్స్ డైలాగులో ఏం రాసి ఉందో చూసి నమ్మేయకు. అక్కడి ఇన్సర్షన్ స్కేలు వేరే బ్లాకులు తెచ్చి పెట్టేటప్పుడు పనికొస్తుంది గానీ, గీసేసిన గీత పొడవును మార్చదు. అంగుళాలు తీసి మిల్లీమీటర్లని పెట్టినంత మాత్రాన 432 కాస్తా 10,972.8 అయిపోదు. ఖచ్చితంగా తెలిసిన ఒక వైపును డిస్ట్ కమాండుతో కొలువు. నీ 36 అడుగుల వైపు 432 అనిగానీ 36'-0" అనిగానీ చూపిస్తే అది అంగుళాల డ్రాయింగు. వట్టి 36 అని చూపిస్తే ఎవరో యూనిట్‌ని అడుగుగా అనుకుని గీశారు. మన దగ్గర ఇదీ చాలా ఉంది. 10.97 అయితే మీటర్లు. 10,972.8 అయితే మిల్లీమీటర్లు.

ఇంకో సాక్ష్యం కూడా తీసుకోవచ్చు. స్థలం హద్దు మీద ఏరియా కమాండు వేస్తే ఆర్కిటెక్చరల్ యూనిట్లలో 311,040 చదరపు అంగుళాలు, పక్కనే 2,160 చదరపు అడుగులు అని చూపిస్తుంది. తిరుపతి లెక్కలో అంకణానికి 36 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా 60 అంకణాలు. దస్తావేజులో అదే ఉందో లేదో చూసుకో. స్థలం యజమాని అంకణాల్లో మాట్లాడతాడు, మేస్త్రి అడుగుల్లో, అనుమతి కాగితం మీటర్లలో. నీ డ్రాయింగు ముగ్గురికీ ఒకే నిజం చెప్పాలి.

యూనిట్ తెలిశాక మిగిలింది ఒక్క భాగహారం. ఒక యూనిట్‌లో ఎన్ని మిల్లీమీటర్లున్నాయో దాన్ని కావలసిన స్కేలుతో భాగించు. 1:100కి అంగుళాల డ్రాయింగైతే 25.4ను 100తో భాగించి 0.254. అడుగులైతే 304.8ని 100తో భాగించి 3.048. మీటర్లైతే 1000ని 100తో భాగించి 10. మిల్లీమీటర్లైతే 0.01. అదే 1:50 కావాలంటే 50తో భాగించు, అంగుళాలకు 0.508 వస్తుంది. కాగితం మిల్లీమీటర్లలో ఉన్నంతకాలం ఈ లెక్క తప్పదు.

ఇప్పుడు నీ ఫైలు తెరువు. లేఅవుట్‌లో వ్యూపోర్టు లోపల రెండుసార్లు నొక్కితే దాని అంచు లావుగా మారుతుంది, అంటే నువ్వు ఆ కిటికీలోంచి మోడల్‌లోకి వెళ్లావు. జూమ్ కమాండు ఇచ్చి, 0.254 అంకె వెనకే ఖాళీ వదలకుండా ఎక్స్, పీ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కు. ఆ రెండక్షరాలు వదిలేస్తే జూమ్ అవుతుంది గానీ అది కాగితం లెక్కన అవదు, ఇది చాలామంది చేసే పొరపాటు. ప్లాను పక్కకు పోతే చక్రం తిప్పకుండా, చక్రం నొక్కి పట్టుకుని జరుపు. జరిపితే స్కేలు మారదు, తిప్పితే మారుతుంది. తర్వాత వ్యూపోర్టు బయట రెండుసార్లు నొక్కి కాగితం మీదికి వచ్చేయి. అక్కడ నిలబడి 36 అడుగుల వైపు రెండు మూలల మధ్య ఒక గీత గీసి, ప్రాపర్టీస్‌లో దాని పొడవు చూడు. కాగితం మీద గీసిన గీత కాగితం దూరమే చెబుతుంది, మూలలు పట్టుకుని నేరుగా డిస్ట్ వేస్తే మోడల్ దూరం చూపించవచ్చు. 109.7 రావాలి. అడుగులు, అంగుళాల రూపంలో కనిపిస్తే 9'-1 3/4" దగ్గర ఉంటుంది, అదీ ఇదే. సరిపోయిన మరుక్షణం ఆ గీత చెరిపేసి, వ్యూపోర్టును ఎంచుకుని, కింది పట్టీలో తాళం బొమ్మ నొక్కి లాక్ చెయ్యి. లాక్ చేయని వ్యూపోర్టు తలుపు తెరిచి పెట్టిన ఇల్లు లాంటిది. రాత్రి పదింటికి చివరి మార్పు చేస్తూ అలవాటుగా చక్రం తిప్పేస్తావు, 1:100 కాస్తా 1:97 అవుతుంది. కంటికి తేడా తెలియదు.

జూమ్ పద్ధతి ఒక్కసారి పనికి బాగానే ఉంటుంది గానీ, రోజూ ఇదే పని చేసేవాడికి జాబితాలో సొంత స్కేలు చేర్చుకోవడమే మంచిది. స్కేల్ లిస్ట్ ఎడిట్‌లో యాడ్ నొక్కి, పేరు ‘1:100 అంగుళాలు’ అని పెట్టు. కాగితం యూనిట్ల దగ్గర 25.4, డ్రాయింగు యూనిట్ల దగ్గర 100 రాయి. 1:50కి, 1:200కి కూడా అలాగే, డ్రాయింగు వైపు అంకె మాత్రం మార్చి చేర్చుకో. ఆ ఫైలును టెంప్లేటుగా దాచుకుంటే ప్రతి ఇంటికీ మళ్లీ చేసే పని తప్పుతుంది. జాబితాలో ముందే ఉన్న ‘అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం’ లాంటి స్కేళ్లు చూసి, మనది అంగుళాల డ్రాయింగే కదా అని ఎంచుకోకు. వాటిని కాగితం కూడా అంగుళాల్లో ఉందనుకుని తయారుచేశారు. మిల్లీమీటర్ల ఏ2 మీద పెడితే మళ్లీ పాతిక రెట్లు చిన్నదవుతుంది. పైగా ఆ స్కేలు 1:96, 1:100 కాదు. ‘దాదాపు అంతేగా’ అంటారు కొందరు. 36 అడుగుల మీద ఆ దాదాపు అడుగున్నర తేడా తెస్తుంది.

సొంత స్కేలు చేర్చుకోమనడానికి ఇంకో గట్టి కారణం అక్షరాలు. ఏ అక్షరమైనా కాగితం మీద కనీసం 2.5 మిల్లీమీటర్ల ఎత్తుండాలి. హాలు, వంటిల్లు, పూజగది అని రాసే గది పేర్లకు 3.5, ప్లాను కింది శీర్షికకు 5 పెడతాను నేను. మోడల్‌లో రాసేటప్పుడు ఆ ఎత్తును స్కేలుతో పెంచాలి. 2.5ను 100తో గుణిస్తే 250 మిల్లీమీటర్లు, అంగుళాల్లో 9.84. గోడ మందం కన్నా పెద్ద అక్షరమా అని మోడల్‌లో చూసి భయపడకు, కాగితం మీద సరిగ్గా ఉంటుంది. 2008 వెర్షన్ నుంచి అనోటేటివ్ అక్షరాలు, అంటే స్కేలును బట్టి తమ ఎత్తు తామే మార్చుకునేవి, వచ్చాయి. స్టైల్‌లో అనోటేటివ్ టిక్ పెట్టి కాగితం ఎత్తు 2.5 అని ఇస్తే గుణకారం అదే చేసుకుంటుంది. కానీ అది అనోటేషన్ స్కేలును చూసి లెక్కేస్తుంది. నువ్వు జూమ్‌తో 0.254 పెడితే వ్యూపోర్టు స్కేలు కస్టమ్ అని చూపిస్తుంది, అనోటేషన్ స్కేలు వేరేగా ఉండిపోతుంది, అక్షరాలు కొన్ని మాయమవుతాయి, కొన్ని కొండంతవుతాయి. జాబితాలోంచి ‘1:100 అంగుళాలు’ ఎంచుకుంటే రెండూ కలిసి కదులుతాయి. డైమెన్షన్ స్టైల్‌కి, హ్యాచ్‌కి (గోడల్లాంటి చోట్ల నింపే గీతలకు) కూడా అనోటేటివ్ పెట్టుకో.

చుక్కల గీతలు, సెంటర్ గీతలు నిండు గీతల్లా వచ్చాయని కూడా తర్వాత అడుగుతావు, అందరూ అడుగుతారు. గీతల తునకల పొడవును నడిపే ఎల్‌టీస్కేల్ 1, పీఎస్‌ఎల్‌టీస్కేల్ 1 ఉంచి, తెరను తాజా చేసే రీజెన్ ఆల్ కొట్టు. లైన్‌టైప్ ఫైలు ఐఎస్ఓదై ఉండాలి, ఎందుకంటే మామూలు ఫైల్లోని గీతల తునకలు అంగుళాల లెక్కలో ఉంటాయి. అక్కడా అదే 25.4 తగాదా.

స్కేలు ఎంచుకోవడం గురించి. కాగితం లెక్క ముందు చేతివేళ్ల మీద వేసుకో. ఏ2 అంటే 594×420. ఎడమ వైపు ఫైలింగుకి 20, మిగతా మూడు వైపులా 10 మిల్లీమీటర్ల అంచు వదిలి, కింద టైటిల్ బ్లాకుకి 50 తీస్తే నీకు మిగిలేది 564×350. నీ ప్లాను 1:100లో 110×183. కింది అంతస్తు, పై అంతస్తు, పక్కన ఎలివేషన్ కలిపి 330 వెడల్పు. సెక్షనుకి చోటుంది, కింద సైట్ ప్లానుకి 1:200లో 55×91 చోటుంది. అదే 1:50 అంటే ఒక్క అంతస్తే 220×366, నిలువుగా పెడితే 350లో పట్టనే పట్టదు. కాబట్టి మీ సార్ ఏ2 మీద 1:100 అడగడం సరైన మాటే. మెట్ల వివరం 1:20లో, వంటగది గట్టు 1:10లో అదే షీటు మీద వేరే వ్యూపోర్టులుగా పెట్టుకోవచ్చు. అప్పుడు ప్రతి బొమ్మ కిందా దాని స్కేలు రాసి, టైటిల్ బ్లాకులో ‘సూచించిన విధంగా’ అని రాయి. 1:10, 1:20, 1:50, 1:100, 1:200, 1:500 అనే వరస దాటి పోవద్దు. షీటులో పట్టలేదని 1:75, 1:120 పెట్టేవాళ్లున్నారు. దానికన్నా షీటు మార్చు.

ఇక ప్లాట్, అంటే ప్రింటు తీయడం. లేఅవుట్‌లో కాగితం అసలు కొలతలో ఉంది కదా, అందుకని ప్లాట్ స్కేలు ఎప్పుడూ 1:1, ఒక మిల్లీమీటరుకి ఒక యూనిట్. 1:100 ఇక్కడ పెట్టకూడదు, అది వ్యూపోర్టులోనే అయిపోయింది. ప్లాట్ ఏరియా దగ్గర లేఅవుట్ అని ఎంచుకుంటే ‘ఫిట్ టు పేపర్’ దానంతటదే మసకబారిపోతుంది. అది మంచి కాపలా. విండో అని ఎంచుకుని ఫిట్ టిక్ పెట్టేవాళ్లు తమ చేత్తో స్కేలు పాడుచేసుకున్నట్టే. వాళ్లలా ఎందుకు చేస్తారో కూడా చెబుతాను. కాగితం జాబితాలో మామూలు ఐఎస్ఓ ఏ2 తీసుకుంటే చుట్టూ ప్రింటు పడని పట్టీ ఉంటుంది, లేఅవుట్‌లో చుక్కల గీతగా కనిపిస్తుంది. బోర్డరు గీత దాని బయట పడి తెగిపోతుంది. తెగిన బోర్డరు తెప్పించుకోవడానికి ఫిట్ పెడతారు, బోర్డరు వస్తుంది, స్కేలు పోతుంది. పీడీఎఫ్ చేసేటప్పుడు అంచుల దాకా ప్రింటయ్యే ‘ఫుల్ బ్లీడ్ ఏ2’ తీసుకో, ఆ బాధే ఉండదు. ప్లాట్ స్టైల్ మోనోక్రోమ్ పెట్టు, లేకపోతే పసుపు, లేత నీలం గీతలు తెల్ల కాగితం మీద కనపడవు.

ఇంత జాగ్రత్తగా చేసిన పీడీఎఫ్ కూడా ప్రింటు దుకాణంలో పాడవుతుంది. నా సొంత అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట తిరుచానూరు రోడ్డు వైపు ఒక ఇంటికి కాలమ్ లేఅవుట్ ఇచ్చాను. పీడీఎఫ్ 1:100, తప్పు లేదు. దుకాణంలో కుర్రాడు బోర్డరు తెగకూడదని ఫిట్ పెట్టి తీశాడు, ప్రింటు 96 శాతానికి తగ్గింది. ఆ షీటులో రెండు కాలమ్‌ల మధ్య ఒక్కచోట డైమెన్షన్ వేయడం నేను మర్చిపోయాను. మేస్త్రి అనుభవమున్న మనిషి, ఖాళీ కనపడగానే బద్ద పెట్టి కొలుచుకున్నాడు. 14 అడుగులు ఉండాల్సింది 13 అడుగుల 5 అంగుళాలు చిల్లర చూపించింది, అక్కడే గుంట తవ్వించాడు. దాదాపు ఏడంగుళాలు తేడా. సెంటర్ లైన్ దారం కట్టినప్పుడు ఎదుటి వరసతో కలవక బయటపడింది. కాంక్రీటు పడకముందే తెలిసింది కాబట్టి ఒక రోజు కూలితో పోయింది. ఇంటాయన ఏమీ అనలేదు గానీ, ఎండలో ఆ గుంట రెండోసారి తవ్వుతున్న కూలీలను చూస్తూ నిలబడటం నాకింకా గుర్తుంది.

అప్పటి నుంచి ప్రతి షీటు మీద రెండు పనులు తప్పకుండా చేస్తాను. ఒకటి, ‘రాసిన కొలతలే తీసుకోవాలి, బద్దతో కొలవరాదు’ అని టైటిల్ బ్లాకు పైన తెలుగులో రాస్తాను, మేస్త్రి చదివే అక్షరాల్లో. రెండు, టైటిల్ బ్లాకు పక్కన కాగితం మీదే ఒక గీత స్కేలు గీస్తాను. 1:100 షీటైతే సరిగ్గా 50 మిల్లీమీటర్ల పట్టీ, ఐదు గళ్లు, ఒక్కో గడి ఒక మీటరు, చివర 5 అని అంకె. ప్రింటు చేతికి రాగానే దాని మీద బద్ద పెట్టు. 50 ఉంటే సరే. 48 ఉందంటే 96 శాతం, దుకాణంలోనే తిరిగి ఇచ్చేయి. షీటును ఎవరు ఎంత కుదించినా ఆ పట్టీ కూడా దాంతోపాటే కుదురుతుంది కాబట్టి, పట్టీతో పోల్చి కొలిచినవాడు మోసపోడు. వాట్సాప్‌లో పంపి ఫోనులో చూసుకునే ఈ రోజుల్లో దాని అవసరం ఇంకా పెరిగింది.

దుకాణంలో ఏం అడగాలో కూడా చెప్పనీ. పీడీఎఫ్ ప్రింటు డైలాగులో ‘ఫిట్’, ‘ష్రింక్’ అనేవి వద్దు, ‘యాక్చువల్ సైజ్’ పెట్టమను. చెప్పి ఊరుకోకుండా ఆ తెర వైపు వెళ్లి నిలబడు. బాలాజీ కాలనీలోనో ఇంకెక్కడో రద్దీగా ఉండే దుకాణంలో, యూనివర్సిటీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టుల మధ్య నీ ఒక్క షీటు కోసం సెట్టింగ్ మార్చడం వాళ్లు మర్చిపోతారు, అది సహజం. చూసుకోవలసింది మనమే.

ఏ2 షీటును సైటుకి ఏ3లో ఇవ్వమని అడుగుతారు. నేరుగా తగ్గించి తీస్తే పొడవులు 0.707 వంతవుతాయి, 1:100 కాస్తా 1:141 అవుతుంది, 2.5 అక్షరం 1.8 మిల్లీమీటర్లకు దిగి సిమెంటు చేతుల మధ్య చదవడానికి రాదు. ఏ1ని ఏ3 చేస్తే మాత్రం పొడవులు సరిగ్గా సగమవుతాయి, 1:100 షీటు 1:200 అవుతుంది, అది పర్వాలేదు. నీ విషయంలో ఏ3కి వేరే లేఅవుట్ పెట్టి, ఒక్కో అంతస్తు ఒక్కో షీటుగా 1:100లోనే ఇవ్వు. ఏ3 420×297, నీ 110×183 ప్లాను హాయిగా పడుతుంది, పక్కన తలుపులు, కిటికీల పట్టిక కూడా పడుతుంది. మోడల్ ఒకటే, లేఅవుట్లు ఎన్నైనా. ఈ సౌకర్యం ట్రేసింగ్ కాగితం రోజుల్లో మాకు లేదు.

మరి అంగుళాల్లోనే గీయాలా, మిల్లీమీటర్లకు మారాలా అని నీకు సందేహం వస్తుంది. కొత్త పని అయితే మిల్లీమీటర్లలో మొదలుపెట్టమనే నా సలహా. కాగితమూ డ్రాయింగూ ఒకే భాష మాట్లాడతాయి, జాబితాలోని 1:100 నిజంగా 1:100 అవుతుంది. మేస్త్రికి అడుగులు కావాలంటే డైమెన్షన్ స్టైల్‌లో ఆల్టర్నేట్ యూనిట్లు పెట్టి, గుణకం 0.03937, ఫార్మాట్ ఆర్కిటెక్చరల్ అని ఇస్తే 10973 పక్కనే 36'-0" కనిపిస్తుంది. ఇప్పటికే గీసిన నీ ఫైలును మార్చాలంటే అన్నీ ఎంచుకుని, 0,0 మూలంగా స్కేల్ కమాండుతో 25.4 రెట్లు పెంచాలి. అలా పెంచితే గోడలు పెరుగుతాయి గానీ డైమెన్షన్ అక్షరాలు పెరగవు, వాటికి స్టైల్‌లో ఓవరాల్ స్కేలును విడిగా పెంచాలి. రేపటి ప్రింటు కోసం ఈ పని ఇప్పుడు నెత్తికెత్తుకోకు, 0.254తో కానిచ్చేయి. ఆన్‌లైన్ అనుమతికి పంపే ఫైలు మాత్రం వేరే లెక్క. దాన్ని అక్కడి సాఫ్ట్‌వేర్ మోడల్‌లోంచి నేరుగా చదువుతుంది, నీ లేఅవుట్ స్కేలును చూడదు. వాళ్లు అడిగిన యూనిట్‌లో, అసలు కొలతలో మోడల్ ఉండటమే ముఖ్యం.

ఇంకొక్క మాట, సైట్ ప్లాను కోసం ఎఫ్ఎంబీ (సర్వే శాఖ పొలం కొలతల పుస్తకం) స్కెచ్ స్కాను చేసి కింద పెట్టుకునేవాళ్లకు. ఆ కాగితం మీద రాసిన స్కేలును నమ్మి పెంచకు. అది ఎన్ని జిరాక్సుల తర్వాత నీ చేతికొచ్చిందో తెలియదు. స్కెచ్‌లో అంకె స్పష్టంగా ఉన్న ఒక పొడవైన గీతను, వీలైతే జీ లైన్‌నే (మిగతా కొలతలకు ఆధారమైన ప్రధాన గీతనే), పట్టుకో. స్కేల్ కమాండులో రిఫరెన్స్ ఎంచుకుని దాని రెండు కొసలూ చూపించి అసలు పొడవు ఇవ్వు. పాత స్కెచ్‌లో కొలతలు లింకుల్లో ఉంటే ఒక లింకు 7.92 అంగుళాలు, వంద లింకులు 66 అడుగుల గొలుసు. 350 లింకులంటే 231 అడుగులు, అంగుళాల డ్రాయింగులో 2,772. పెంచాక దానికి అడ్డంగా ఉండే ఇంకో గీతను కొలిచి చూడు. అదీ కలిస్తే స్కాను సాగలేదని అర్థం. కలవకపోతే ఆ బొమ్మ మీద గీయకు, అంకెలు చూసి కొత్తగా గీసుకో.

రేపు ఆఫీసుకు వెళ్లగానే ముందు డిస్ట్ కొట్టి 36 అడుగుల వైపు ఏ అంకె చూపించిందో ఇక్కడ రాయి. 432 అయితే పైన చెప్పినట్టు 0.254. వట్టి 36 అని వస్తే 0.254 పెట్టావంటే మళ్లీ పన్నెండు రెట్లు చిన్నదవుతుంది, అప్పుడు 3.048 పెట్టాలి.